పాత నగరాల పునరుద్ధరణ: సైట్ మీద రోజూ వినే అపోహలు

పాత కట్టడాలు బాగుచేయడం నా వృత్తి. కట్టడం ఏదైనా, పని మొదలుపెట్టిన వారంలోనే అవే మాటలు మళ్లీ వినిపిస్తాయి. ఆ మాటలు నమ్మి చేసిన పనుల నష్టం కళ్లారా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పాత గోడకు సిమెంట్ పూత వేస్తే ఇంకో వందేళ్లు ఢోకా ఉండదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే పాడైన గోడల్లో సగానికి పైగా ఈ పూత దెబ్బ తిన్నవే. సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. మేం దీన్నే గోడ ఊపిరి తీసుకోవడం అంటాం. సిమెంట్ పూయగానే ఆ ఊపిరి ఆగుతుంది. బయటికి దారి లేని నీరు గోడలోనే పైకి పాకుతుంది. మోకాలెత్తున ఉన్న చెమ్మ మరక కొన్నాళ్లకు నడుం దాకా వస్తుంది. నీటితో వచ్చిన లవణాలు లోపల గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తాయి.

ఒకసారి అలాంటి గోడను వేలి కణుపుతో తట్టి చూశాను. డొల్ల మోత వచ్చింది. తాపీ అంచు పెట్టి కాస్త ఎత్తగానే పూత పలకలా ఊడి వచ్చింది. పైకి నున్నగా, రాయిలా ఉంది. వెనక ఇటుకను గోరుతో గీకితే ఎర్రటి పొడి అరచేతిలో రాలింది. ఆ పూత వేసి ఆరేళ్లే అయింది. వేసినవాళ్లు మంచి చేద్దామనే వేశారు. బాధ అక్కడే.

పెద్ద కట్టడాలూ దీన్నుంచి తప్పించుకోలేదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి పైకప్పు మీద 20వ శతాబ్దంలో పొర మీద పొరగా పోసిన కాంక్రీటును మొన్నటి పునరుద్ధరణలో తీసేస్తే, ఆ బరువు 10 లక్షల కిలోలు దాటింది. ఏథెన్స్‌లో పార్థినాన్ అనే ప్రాచీన ఆలయం రాళ్లను 20వ శతాబ్దం మొదట్లో ఇనుప బందులతో బిగించారు. ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పాలరాయినే చీల్చింది. తర్వాతి తరం వాటిని ఒక్కొక్కటిగా పీకి టైటానియం బందులు వేయాల్సి వచ్చింది. అందుకే మా పనిలో కొత్త సరుకు పాతదానికంటే కాస్త మెత్తగా ఉండాలని పట్టుబడతాం. అరిగితే కొత్తదే అరగాలి.

అపోహ: సుందరీకరణ, పునరుద్ధరణ రెండూ ఒకటే.

వాస్తవం: రంగులు, లైట్లు చివరి పని. డ్రైనేజీ మొదటి పని. వీధి మట్టం ఏటేటా పెంచుకుంటూ రోడ్డు వేస్తే వాన నీళ్లు పాత ఇళ్ల గడపల్లోకే వస్తాయి. పాత తారు తవ్వి మట్టం దించకుండా పైన ఖరీదైన రాళ్లు పరిచిన వీధి మొదటి పెద్ద వానకే సంగతి బయటపెడుతుంది. ఇక ఇసుకను ఒత్తిడితో కొట్టి గోడలు శుభ్రం చేయడమైతే అసలు వద్దు. ఇటుకను కాపాడే కాలిన పైపొర దాంతోనే పోతుంది, మళ్లీ రాదు.

అపోహ: జనాన్ని ఖాళీ చేయిస్తేనే పాత పేట బాగుపడుతుంది.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. మనుషులు లేని ఇంట్లో కప్పు కారుతోందని చెప్పేవాళ్లెవరు? ఇటలీలోని బొలోన్యా నగరం 1970ల్లో ఇంకో దారి పట్టింది. పాత నగరంలోని ఇళ్లను ప్రభుత్వ గృహ పథకం కిందకు తెచ్చి, అక్కడి సామాన్యులు అక్కడే ఉండేలా బాగుచేయడానికి పూనుకుంది. కైరోలో శతాబ్దాలుగా చెత్త పోసిన దిబ్బను 30 హెక్టార్ల అల్ అజ్హర్ పార్కుగా మార్చారు. ఆ తవ్వకాల్లో 12వ శతాబ్దపు నగర ప్రాకారం బయటపడింది. దాన్ని ఆనుకునే దర్బ్ అల్ అహ్మర్ అనే పేదల బస్తీ ఉంది. బస్తీని లేపేయకుండా అక్కడి ఇళ్లు బాగుచేశారు, స్థానిక యువకులకు పని నేర్పారు.

ఒక మాట ఒప్పుకోవాలి. పేట బాగుపడ్డాక అద్దెలు పెరుగుతాయి, అద్దెకున్నవాళ్లే ముందు వెళ్లిపోతారు. అద్దెదారుల రక్షణ ప్లాన్‌లో మొదటి రోజు నుంచే లేకపోతే, ఎంత అందంగా చేసినా ఆ పని సగమే అయినట్టు.

అపోహ: కార్లు ఆపితే వ్యాపారం పోతుంది.

వాస్తవం: డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 1962లో స్ట్రోయెట్ వీధిని నడిచేవాళ్లకే ఇచ్చినప్పుడు అక్కడి వ్యాపారులూ ఇలాగే భయపడ్డారు. ఇప్పుడు ఆ నగరంలో అంత రద్దీ ఉన్న బజారు మరొకటి కనబడదు. అయితే బారికేడ్లు పెట్టేసి చేతులు దులుపుకుంటే కుదరదు. సరుకు దింపుకోవడానికి వేళలు, అంబులెన్సుకు దారి, పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ ముందే ఆలోచించాలి.

అపోహ: కూలినదాన్ని అచ్చం పాతదానిలా కట్టేస్తే సరి.

వాస్తవం: పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న 1964 నాటి నియమావళి, వెనిస్ చార్టర్, ఇక్కడ స్పష్టంగా గీత గీసింది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. పోయిన భాగం స్థానంలో పెట్టింది మొత్తానికి అతకాలి, కానీ దగ్గరికి వెళ్తే కొత్తదని తెలియాలి. మరి రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సా పాత నగరాన్ని మళ్లీ కట్టారు కదా, 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా ఇచ్చింది కదా అంటారు. నిజమే. వాళ్ల దగ్గర యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసిన డ్రాయింగులు ఉన్నాయి, 18వ శతాబ్దపు చిత్రపటాలు ఉన్నాయి. మన దగ్గర ఏమున్నాయో ముందు చూసుకోవాలి. ముట్టుకునే ముందు కొలిచి, గీసి, ఫొటోలు తీసి పెట్టండి. నా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల టేపు, పెన్సిల్ తప్ప ఇంకేం ఇవ్వను.

అపోహ: యునెస్కో గుర్తింపు వచ్చిందంటే ఇక భయం లేదు.

వాస్తవం: వచ్చిన గుర్తింపు పోతుంది కూడా. నది మీద కట్టిన వంతెన వల్ల జర్మనీలోని డ్రెస్డెన్ 2009లో, రేవు ప్రాంతంలో కొత్త నిర్మాణాల వల్ల ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ 2021లో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి బయటికొచ్చాయి.

అపోహ: కోట్ల నిధులు వచ్చేదాకా చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: గొడుగు వేసుకుని వానలో కట్టడం చుట్టూ ఒకసారి తిరగండి. ఏ తూము పూడిందో, నీరు ఏ గోడ మీదుగా కారుతోందో ఆ అరగంటలో తెలిసినంతగా ఎండలో వారం తిరిగినా తెలియదు. వానాకాలానికి ముందు తూముల్లో ఆకులు తీయించండి. పిట్టగోడ సందులో రావి మొక్క కనిపిస్తే రెండాకులు ఉన్నప్పుడే వేరుతో సహా తీయండి. పైపైన కోస్తే లోపల వేరు లావెక్కుతూనే ఉంటుంది. అప్పటికే వేరు రాళ్ల మధ్యకు పోయి ఉంటే మాత్రం లాగకండి, వేరుతో పాటు గోడా వస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చేదాకా మందు పెట్టించి, ఆ తర్వాత సందును సున్నంతో నింపించండి.