ఎండుటాకు రెక్క, మెరుగు పెంకు

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఆలాపల్లి వైపు సాగే టేకు అడవిలో చలికాలపు సాయంత్రం నడుస్తుంటే, కాలి ముందు ఒక ఎండుటాకు ఉన్నట్టుండి లేచి, నాలుగడుగుల అవతల మళ్లీ ఆకుల్లో వాలి మాయమవుతుంది. అది మునిమాపువేళ తిరిగే గోధుమవన్నె సీతాకోకచిలుక, మెలానిటిస్ లీడా. వానలు పడ్డాక అదే అడవి అంచున తుమ్మకొమ్మను పట్టుకొని ఆకులు కొరికే ఆకుపచ్చని బంగారు పురుగు స్టెర్నోసెరా. పిల్లలు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేది, పెట్టెలోనే బియ్యపుగింజల్లాంటి గుడ్లు పెట్టేది ఇదే.

రెండింటికీ నాలుగేసి రెక్కలే. సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్లకు అంటే పొడి రెక్క మీది పొలుసులు. రంగంతా వాటిలోనే ఉంటుంది. ఆ రంగు కాలాన్నిబట్టి మారడం నాకు అన్నిటికన్నా వింతగా తోస్తుంది. వానాకాలంలో పుట్టిన వాటి రెక్కల అడుగున కంటిచుక్కలు స్పష్టంగా ఉండి, పిట్ట ముక్కు ఒంటి మీద కాక రెక్క అంచు మీద పడేలా చేస్తాయి. ఎండు రోజుల్లో పుట్టిన వాటికి చుక్కలు దాదాపు చెరిగిపోయి, రెక్క అచ్చం రాలిన ఆకులా ఉంటుంది. ఏ రూపం రావాలో చాలావరకు నిర్ణయించేది, గడ్డినో వరి ఆకునో తింటూ పెరిగే గొంగళిపురుగుకు తగిలిన వేడిమి.

బంగారు పురుగు ముందు రెక్కలు ఎగరడం మాని పెంకులయ్యాయి. ఎగిరే పని వాటి కింద మడిచి ఉన్న పలుచని వెనుక రెక్కలది. పెంకును రుద్దినా రంగు అంటదు, ఎందుకంటే ఆ పచ్చదనం వర్ణద్రవ్యం వల్ల వచ్చింది కాదు, పెంకులోనే ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న అతిపలుచని పొరలు వెలుతురును తిప్పికొట్టడం వల్ల వచ్చింది. అందుకే 19వ శతాబ్దంలో మన దేశంలో పలుచని మస్లిన్‌పై కుట్టిన పెంకులు మ్యూజియాల్లో ఇప్పటికీ మెరుస్తున్నాయి.

పెంకు గట్టిదనం మరో విధంగానూ అక్కరకొచ్చింది. సిరొంచకు చేరువలో, ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం పేరు పెట్టుకున్న జురాసిక్ కాలపు (14 కోట్ల ఏళ్లకు మునుపటి) సున్నపురాతిలో కీటకాల శిలాజాలు దొరికాయి. సీతాకోకచిలుకలు పుట్టింది సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట కనుక ఆ కాలానికి అవి లేనే లేవు. బంగారు పురుగు వంటి పెంకు పురుగులు అప్పటికే పాతకాపులు. వాటి ఒళ్లు చివికిపోయినా, రాతిలో తరచుగా మిగిలేది ఆ ముందు రెక్కే.