తొలి పక్షుల శిలాజాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెడ వెనక్కి విరుచుకున్న శిలాజం ఆ పక్షి మరణయాతనకు సాక్ష్యం.

వాస్తవం: జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో దొరికిన, సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి ఆర్కియోప్టెరిక్స్ అనే తొలి పక్షి శిలాజాలలో బెర్లిన్ నమూనాను చూసినవారికి ముందుగా ఈ ఆలోచనే వస్తుంది. రెక్కలు చాచి, తలను వీపు మీదికి వాల్చిన ఆ భంగిమ అలాంటిది. మెదడు దెబ్బతినడం వల్లనో, ప్రాణవాయువు అందకపోవడం వల్లనో చనిపోయే ముందు జంతువుల మెడలు ఇలా బిగుసుకుంటాయని 2007లో ఇద్దరు శాస్త్రవేత్తలు వాదించారు. నాకు మాత్రం 2012లో వెలువడిన మరో వివరణ బలంగా కనిపిస్తుంది. వెన్నుపూసల పైభాగాన సాగే గుణమున్న స్నాయువు (ఎముకలను కలిపే పట్టీ) ఒకటి ఉంటుంది. బతికున్నప్పుడు కండరాలకు పెద్దగా శ్రమ లేకుండా మెడను నిలిపేది అదే. కళేబరం నీటిలో పడగానే మెడ బరువు తేలికై, ఆ స్నాయువుదే పైచేయి అవుతుంది. కోడి మెడలను నీటిలో ఉంచి చూసినప్పుడు అవి అప్పటికప్పుడే వెనక్కి వంగాయి. కండరాలు కుళ్లి పట్టు సడలేకొద్దీ ఆ వంపు ఇంకా పెరుగుతుంది.

అపోహ: వెంటనే పూడిపోతేనే అస్థిపంజరం చెదరకుండా ఉంటుంది.

వాస్తవం: ఆ సున్నపురాయి ఏర్పడిన సోల్న్‌హోఫెన్ మడుగుల అడుగున అప్పట్లో ఉప్పు ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ. పీక్కుతినే జీవులు అక్కడ బతకలేకపోయాయి కనుక, సున్నపు బురద నిదానంగా కప్పినా ఎముకలు చోటు మారలేదు.

అపోహ: శిలాజంలో లేని ఎముక పక్షికీ లేదు.

వాస్తవం: ఒక్క నమూనాను పట్టుకుని అలా తేల్చలేము. నీటిపై తేలే కళేబరం నుంచి తల త్వరగా ఊడుతుంది, రెక్కలు భుజపు ఎముకలతో కలిసి చాలాకాలం అంటుకునే ఉంటాయి. ఆర్కియోప్టెరిక్స్ రొమ్ము ఎముక సంగతి వేరు: చెదరని నమూనాలలోనూ అది కనబడదు కాబట్టి, మృదులాస్థిగానే ఉండి కుళ్లిపోయి ఉండవచ్చు. మ్యూనిక్ నమూనాలో అది ఉందని 1993లో ప్రకటించారు గానీ, అది భుజపు ఎముక భాగమని 2004లో తేలింది.

అపోహ: రాతిపలకపై కనిపించే వెడల్పే ఎముక అసలు వెడల్పు.

వాస్తవం: చైనాలోని లియావోనింగ్‌లో దొరికే కన్‌ఫ్యూషియోర్నిస్ అనే మరో తొలి పక్షి బోలు ఎముకలు పై పొరల బరువుకు చాలావరకు అణిగిపోయాయి. అందుకే కొలతలు తీసుకునే ముందు పగుళ్లను గమనిస్తాము: బతికుండగా విరిగి మానిన చోట కొత్త ఎముక కట్టిన ఉబ్బు ఉంటుంది, మట్టి బరువుకు నలిగిన చోట అది ఉండదు.