తాతయ్య మొహం ఆగింది, మెసేజ్ ఆగలేదు

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయానని ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, బుజ్జి మంచి ప్రశ్న వేసింది. "తాతయ్యా, నీ మాటలు మధ్యమధ్యలో ఎగిరిపోయాయి కదా, అదే నెట్‌లో నువ్వు పెట్టిన మెసేజ్‌లో ఒక్క అక్షరం కూడా పోలేదేం?" జవాబు చెప్పబోతుంటే కాల్ కట్టయింది. అందుకే ఈ ఉత్తరం.

నెట్‌లో ఫోటో అయినా, మాట అయినా చిన్న చిన్న ముక్కలై వెళ్తుంది. ఆ ముక్కే ప్యాకెట్. మామూలుగా ఒక్కోటి 1500 బైట్లు దాటదు (ఒక బైట్ అంటే ఒక ఇంగ్లీషు అక్షరమంత అనుకోండి). దారిలో ఉండే రూటర్ దాని మీద అడ్రస్ చూసి ముందుకు తోస్తుంది, అంతవరకే దాని పని. రద్దీ పెరిగి చోటు చాలకపోతే ప్యాకెట్‌ని పారేస్తుంది, పారేశానని సాధారణంగా ఎవరికీ చెప్పదు. కొన్ని వేరే దారిన పోయి వెనకాముందూ అవుతాయి. పోయినవాటి సంగతి, తారుమారైనవాటి సంగతి రెండు చివర్లలో ఉన్న కంప్యూటర్లే చూసుకోవాలి. అలా చూసుకోడానికి బాగా వాడుకలో ఉన్న పద్ధతులు రెండు: టీసీపీ, యూడీపీ.

టీసీపీది మహా పట్టుదల. దీని ఆలోచనను వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ఒక వ్యాసంలో బయటపెట్టారు. టీసీపీ ముందు అవతలివాడిని పలకరిస్తుంది. "వింటున్నావా?" "వింటున్నా, నీకు వినపడుతోందా?" "ఆఁ, వినపడుతోంది." ఈ మూడు మాటలూ అయ్యాకే అసలు సరుకు కదులుతుంది. ప్రతి ముక్క మీదా నంబర్ ఉంటుంది. అందుకున్నవాడు రసీదు పంపాలి, దాన్నే యాక్ అంటారు.

నేను మీకు ఆరు ముక్కలు పంపాననుకోండి, మూడోది దారిలో పోయింది. 1, 2 అందాయి కాబట్టి మీ ఫోన్ "ఇక 3 పంపు" అంటుంది. ఈలోగా 4 వచ్చింది. మళ్లీ "3 పంపు" అంటుంది. 5 వచ్చింది, "3 పంపు." 6 వచ్చింది, అప్పుడూ అదే మాట. ఇలా మూడుసార్లు అదే రసీదు తిరిగొస్తే నా వైపు టీసీపీ 3 పోయిందని నిర్ణయించుకుని వెంటనే ఇంకోసారి పంపేస్తుంది. అది చేరగానే మీవైపు నుంచి "ఇక 7 పంపు" అని వస్తుంది. (అర్థం కావాలని ముక్కల్ని లెక్కపెట్టాను గానీ, నిజానికి టీసీపీ లెక్కపెట్టేది బైట్లని. ఇది గుర్తుంచుకోండి, పనుంది.)

ఇక్కడ ఒకటి గమనించారా? 4, 5, 6 ముందే మీ ఫోన్‌కి చేరాయి. అయినా 3 వచ్చేదాకా టీసీపీ వాటిని యాప్‌కి ఇవ్వదు, తన దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది. మెసేజ్‌కి ఆ కాస్త ఆలస్యం లెక్కలోది కాదు. మాటకైతే ప్రాణం మీదకొస్తుంది. కాల్‌లో ఒక్కో ప్యాకెట్‌లో తరచుగా 20 మిల్లీసెకన్ల గొంతు ఉంటుంది, అంటే ఒక అక్షరం పలకడానికి కూడా చాలనంత. అది పోతే మళ్లీ తెప్పించేసరికి నేను ఇంకో మాటలోకి వెళ్లిపోయి ఉంటాను. పాత ముక్క కోసం కొత్త మాటల్ని ఆపడం దండగ.

అందుకని కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద నడుస్తాయి. జాన్ పోస్టెల్ 1980లో రాసిన దాని నిర్వచనం మూడంటే మూడు పేజీలు. ప్రతి ప్యాకెట్ నెత్తిన యూడీపీ పెట్టేది 8 బైట్లే: ఏ పోర్ట్ నుంచి, ఏ పోర్ట్‌కి (పోర్ట్ అంటే కంప్యూటర్‌లో ఏ యాప్‌దో చెప్పే నంబర్), ఎంత పొడుగు, దారిలో చెడిందో లేదో చూసుకోడానికి ఒక చెక్‌సమ్. టీసీపీకైతే తక్కువలో తక్కువ 20 బైట్లు కావాలి. యూడీపీలో పలకరింపులు లేవు, వరస నంబర్లు లేవు, రసీదులు లేవు. చిన్న గొంతు ముక్క పోతే యాప్ పక్క శబ్దాన్ని బట్టి ఊహించి పూడ్చేస్తుంది. వీడియో అంత తేలిగ్గా పూడదు. అందులో చాలా బొమ్మలు ముందటి బొమ్మతో తేడా ఏమిటన్నదే మోసుకొస్తాయి. ఆ తేడాలు వరసగా పోయేసరికి నా నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది.

చిన్నూ, "యూడీపీ ఫాస్ట్, టీసీపీ స్లో" అని నువ్వు బట్టీపట్టినట్టున్నావు. నాకది నచ్చదు. రెండూ అవే తీగల మీద, అదే వేగంతో పోతాయి. తేడా అంతా ఆగి చూసుకోవడంలోనే. పెద్ద ఫైల్ దించుకునేటప్పుడు టీసీపీ ఏమీ వెనకబడదు. వెబ్‌సైట్ పేరు ఇచ్చి దాని నంబర్ అడిగే డీఎన్ఎస్ ఉందే, దానిది ఒక చిన్న ప్రశ్న, ఒక చిన్న జవాబు. అంతమాత్రానికి ముందు పలకరింపులు పెట్టుకుంటే వాటికే సగం పొద్దు పోతుంది. అందుకే అది మామూలుగా యూడీపీలో అడుగుతుంది, జవాబు రాకపోతే ఇంకోసారి అడుగుతుంది.

ఈ "ఫాస్ట్" మాట నమ్మి వయసులో ఉన్నప్పుడు నేనూ బోర్లాపడ్డాను. ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ యూడీపీలో రాశాను. ఒకే కంప్యూటర్‌లో పరీక్షిస్తే భేషుగ్గా నడిచింది. రెండు కంప్యూటర్ల మధ్య పెట్టేసరికి ఫైల్‌లో చిల్లులు! నంబర్లు వేశాను. రసీదులు పెట్టాను. రానివి మళ్లీ పంపించాను. నెల తర్వాత చూసుకుంటే నేను రాసింది టీసీపీయే, కాకపోతే నాసిరకం టీసీపీ. రద్దీ సంగతి అసలు పట్టించుకోలేదు.

రద్దీని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1986లోనే తేలింది. అమెరికాలో 400 గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య, లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ నడుమ, సెకనుకు 32 వేల బిట్లు పోయే దారి 40 బిట్లకు పడిపోయింది. 40 బిట్లంటే సెకనుకు ఐదు ఇంగ్లీషు అక్షరాలు! పోయినవాటిని అందరూ మళ్లీ మళ్లీ పంపడంతో దారి ఇంకా మూసుకుపోయింది. దాన్ని తవ్వి చూసిన వాన్ జాకబ్‌సన్ 1988లో మందు చెప్పాడు: కొంచెంతో మొదలుపెట్టు, అందుతున్నకొద్దీ పెంచు, పోతోందంటే జోరు తగ్గించు. టీసీపీలో ఈ మర్యాద అప్పటి నుంచీ ఉంది. యూడీపీలో లేదు, యాప్ రాసేవాళ్లే నేర్పుకోవాలి.

నేను అడ్డదిడ్డంగా చేసిన పనినే తెలిసినవాళ్లు పద్ధతిగా చేశారు. దాని పేరు క్విక్, 2021లో ప్రామాణికమైంది. కింద యూడీపీ ఉంటుంది, నంబర్లు, రసీదులు, రద్దీ మర్యాద అన్నీ పైన తనే చూసుకుంటుంది. పేజీలో ఒక బొమ్మ తాలూకు ముక్క పోతే మిగతా బొమ్మల్ని ఆపదు. మీరు రోజూ తెరిచే సైట్లలో చాలావాటికి ఇప్పుడిదే దారి.

చిన్నూకి పైథాన్ వచ్చు కాబట్టి ఒక పని. "హలో" అని వెంటవెంటనే మూడుసార్లు పంపే ప్రోగ్రామ్ యూడీపీతో ఒకటి, టీసీపీతో ఒకటి రాయండి. అందుకునే వైపు ఒక క్షణం ఆగి చదవమనండి. యూడీపీలో మూడు హలోలు విడివిడిగా వస్తాయి. టీసీపీలో బహుశా "హలోహలోహలో" అని ఒకే తాడులా వస్తుంది. బైట్ల గురించి బ్రాకెట్లో రాసింది ఇంకోసారి చదివి, ఎందుకలా వచ్చిందో వచ్చే కాల్‌లో మీరే నాకు చెప్పాలి. మధ్యలో నా మొహం ఆగిపోతే మెసేజ్ పెట్టండి.

ప్రేమతో,
తాతయ్య