లారీ ఆగితే ఊరు ఎవరి వైపు?

2024 జనవరి 2న హైదరాబాద్‌లో ఏ బంకు ముందు చూసినా బండ్ల బారులే. ట్యాంకర్ డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారని తెలియగానే ఊరంతా డబ్బాలతో సహా రోడ్డెక్కింది. ఆ రాత్రే చర్చలు ముగిసి సమ్మె ఆగింది. లారీవాళ్ల పన్నుల పోరు గురించి మాట్లాడేముందు ఒకటి చెప్పాలి, ఆ సమ్మెకూ పన్నులకూ సంబంధం లేదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు పడేలా భారతీయ న్యాయ సంహితలో పెట్టిన 106(2) సెక్షన్ మీద తిరుగుబాటు అది. 2018 జూలైలో డీజిల్ ధర, టోల్, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం మీద దేశమంతా ఎనిమిది రోజులు లారీలు ఆగాయి. అది మాత్రం నగరంలో చాలామందికి గుర్తే లేదు.

కారణం ఉంది. పన్నుల సమ్మెల్లో పాలు, కూరగాయలు, మందులకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు. బోయినపల్లి మార్కెట్‌కు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే సరుకు ఎక్కువగా డీసీఎం వ్యాన్లు, ట్రాలీ ఆటోల్లో దిగుతుంది. వాటి ఓనర్లు బంద్‌లోకి అంతగా రారు. ముందు ఆగేది సిమెంటు, ఇనుము, ఇసుక. అంటే దెబ్బ మొదట మేస్త్రీకి, బిల్డరుకు తగులుతుంది. వంటింటిదాకా రాని సమ్మె మీద ఊరికి అభిప్రాయం ఏర్పడేలోపే అది ముగిసిపోతుంది.

ఇంకో గందరగోళం, ‘లారీ డ్రైవర్ల ఆందోళన’ అనే మాట. రోడ్డు మీద కనిపించేది డ్రైవరే, పన్ను కట్టేది మాత్రం ఓనరు. ఒకటే బండి ఉండి, కిస్తీ కడుతూ తానే నడుపుకునే మనిషికి మాత్రం ఈ తేడా లేదు. పన్ను పెరిగిందంటే మొదట ఇరుక్కునేది ఆయనే.

మూడు నెలలకోసారి కట్టే పన్ను, అంటే క్వార్టర్లీ పన్ను సంగతి చూద్దాం. వాహన పన్ను రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోది. మన దగ్గర దీనికి మూలం 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం. తెలంగాణ కూడా దాన్నే తెచ్చుకుంది. లెక్క బండి మొత్తం బరువు మీద, అంటే లోడుతో కలిపి ఆర్‌సీలో రాసిన బరువు మీద. పెద్ద బండ్లకు ఒక స్థాయి దాటాక ప్రతి 250 కిలోలకూ పన్ను పెరుగుతుంది. క్వార్టర్లు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరుల్లో మొదలవుతాయి. ఎక్కువమంది తప్పు చేసేది బండి షెడ్డులో పడి ఉన్నప్పుడు. ‘తిరగలేదు కదా’ అంటే కుదరదు. క్వార్టర్ మొదలవకముందే ఆర్టీఏకు రాసిచ్చి, చెప్పిన చోటే బండి ఉంచాలి. లేకపోతే ఇంజను విప్పి పెట్టిన మూడు నెలలకూ పన్ను పడుతుంది. ఆలస్యమైతే జరిమానా పెరుగుతూ పోతుంది.

2018 జూలైలో కేంద్రం ఒక్కో యాక్సిల్ (ఇరుసు) మోయదగ్గ బరువు పరిమితి పెంచింది. వెనక నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5కు, జోడు యాక్సిల్‌కు 19 నుంచి 21కి. ఎక్కువ లోడు వేసుకోవచ్చని అందరూ సంతోషించారు. కానీ ఆర్‌సీలో బరువు పెంచుకుంటే పన్నూ పెరుగుతుంది. పైగా ఉన్న సరుకు అంతే, బండ్లు మోసే బరువు పెరిగింది కాబట్టి కిరాయి పడిపోయింది. ఆర్‌సీలో పెంచుకోకుండా ఎక్కువ వేసి కాటా మీద దొరికితే, 2019 సవరణ ప్రకారం 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

రాష్ట్ర విభజన ఇంకో ముడి వేసింది. 2014 జూన్ 2 ముందు ఒకే పన్నుతో 23 జిల్లాలు తిరిగిన బండికి సరిహద్దులోని కోదాడ దాటితే పరాయి రాష్ట్రం వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆంధ్ర బండ్ల మీద పన్ను వేసింది. ఆ జూన్‌లో తెలంగాణ లారీ ఓనర్లు సమ్మెకు దిగితే, రెండు రాష్ట్రాలకూ సింగిల్ పర్మిట్ ఇమ్మన్నది ప్రధాన డిమాండ్లలో ఒకటి. నంబరు ప్లేటు చూసి చెప్పడమూ కష్టమే. ఏపీ 29 అని రాసున్న పాత లారీ రంగారెడ్డి జిల్లాదే కావచ్చు. నేషనల్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. 2010లో రాష్ట్రానికి 5,000 లెక్క పోయి, దేశమంతటికీ కలిపి 15,000 వచ్చింది, తర్వాత అది 16,500 అయింది. అయితే హైదరాబాద్–విజయవాడ మధ్యే తిరిగే ఆరు టైర్ల బండికి అది దండగ ఖర్చు.

ఆంధ్రలో గ్రీన్ ట్యాక్స్ గొడవ వేరే. కాలుష్యం పేరిట పాత బండికి ఏడాదికి 200 ఉండేది. దాన్ని క్వార్టర్లీ పన్నుకు ముడిపెట్టారు. ఏడు నుంచి పదేళ్ల బండికి అందులో సగం, పన్నెండేళ్ల దాకా పూర్తిగా, ఆపైన రెట్టింపు. వందల్లో ఉన్నది వేలల్లోకి పోయింది. 2025లో దాన్ని బండి వయసును బట్టి 1,500, 3,000కు తగ్గించారు.

మా దృష్టిలో అసలు బరువు వీటిలో దేనిదీ కాదు, డీజిల్ మీది వ్యాట్‌ది. తెలంగాణలో అది 27 శాతం. లీటరు 95 రూపాయలనుకుంటే అందులో వ్యాటే దాదాపు 20. లోడుతో పది టైర్ల లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే, విజయవాడ దాకా 270 కిలోమీటర్లకు 67 లీటర్లు పైనే, వ్యాట్ సుమారు 1,350. రానుపోను 2,700. నెలకు ఎనిమిది ట్రిప్పులంటే 21,600. మూడు నెలల పన్ను ఇందులో సగం కూడా ఉండదు. ఆంధ్రలో డీజిల్ ఇంకా ఎక్కువ కాబట్టి చాలామంది కోదాడ దాటకముందే ట్యాంకు నింపుతారు. ఈ పన్నుకు రసీదు ఉండదు, గడువు ఉండదు, ధర్నా చేయడానికి ఆఫీసూ ఉండదు. అందుకే ఆందోళనలన్నీ కంటికి కనిపించే క్వార్టర్లీ పన్ను చుట్టూ, గ్రీన్ ట్యాక్స్ చుట్టూ తిరుగుతాయి.

టోల్ మరో పద్దు. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు చోట్లా ఫాస్టాగ్ కోసుకుంటూ పోతుంది. 2008 నిబంధనల ప్రకారం ఏటా ఏప్రిల్ 1న 3 శాతం, దానిమీద టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలిపి రేటు పెంచుతారు. రోడ్డు వాడినందుకే పన్ను అన్నప్పుడు మళ్లీ టోల్ ఎందుకన్నది ఓనర్ల ప్రశ్న. కారు యజమాని కూడా ఇదే అడుగుతాడు, ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకటే.

చెక్‌పోస్టుల మామూళ్ల మీద కూడా జనం లారీవాళ్ల వైపే. తెలంగాణ 2025 అక్టోబరులో తన రవాణా చెక్‌పోస్టులను మూసేసింది. డ్రైవరుకు మిగిలినది మరో సమస్య. పగలు పెద్ద బండ్లను నగరంలోకి రానివ్వరు కాబట్టి ఔటర్ రింగు రోడ్డు అంచున ఆగాలి. ట్రిప్పు బత్తా మాత్రం ఆగిన గంటలకు పెరగదు. లారీ అడ్డా అడగడం, మరుగుదొడ్డి అడగడం డిమాండ్ల జాబితాలో ఎప్పుడూ చివరనే ఉంటాయి.