పాంథర్ లెక్క తెలిసే తప్పిందా?

నార్మండీ దాడి వార్షికోత్సవం వచ్చినప్పుడల్లా రేగే వివాదమే మళ్లీ రాజుకుంది. 75 మి.మీ. ఫిరంగులున్న షెర్మన్ ట్యాంకులతో 1944 జూన్‌లో అమెరికన్ సైనికులను ఫ్రాన్స్ తీరానికి పంపిన అధికారులకు, జర్మన్ పాంథర్ ముఖభాగాన్ని ఆ ఫిరంగి ఛేదించలేదన్న సంగతి తెలియదా, తెలిసీ పట్టించుకోలేదా? పాంథర్ కంటే బరువైన మరో జర్మన్ ట్యాంకు టైగర్ 1943లో మొదట లెనిన్‌గ్రాద్ దగ్గర సోవియట్లకు, తర్వాత ట్యునీషియాలో బ్రిటిష్ వారికి చిక్కిన వైనం అందరూ ఎరిగినదే. అసలు మలుపు లండన్‌లోని అమెరికన్ రాయబార కార్యాలయంలో, ఆర్థిక యుద్ధ విభాగం గణకుల బల్లల మీద ఉంది.

పట్టుబడిన ట్యాంకుల మీది వరుస సంఖ్యలను బట్టి జర్మనీ మొత్తం ఎన్ని తయారు చేసిందో అంచనా వేసే వారి పద్ధతి సూటిగా ఉంటుంది. పట్టుబడిన ఐదు ట్యాంకుల వరుస సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది 60 అనుకుంటే, దానికి అందులో ఐదో వంతు కలిపి ఒకటి తీసివేస్తారు. మొత్తం తయారైనవి 71 అని అంచనా. 1942 ఆగస్టులో జర్మనీ 1,550 ట్యాంకులు తయారు చేసిందని గూఢచారి వర్గాలు చెబితే, ఈ సంఖ్యాశాస్త్రం 327 అన్నది. యుద్ధానంతరం దొరికిన జర్మన్ రికార్డుల్లో ఉన్నది 342. పాంథర్ విషయంలో వారు రెండు ట్యాంకుల 64 చక్రాలను పరిశీలించారు. చక్రాల మీద ఉన్న పోత అచ్చుల సంఖ్యలను బట్టి ఎన్ని అచ్చులు వాడుకలో ఉన్నాయో అంచనా వేసి, ఒక్కో అచ్చు నుంచి ఎన్ని చక్రాలు రాగలవో బ్రిటిష్ తయారీదారులను అడిగి తెలుసుకుని, 1944 ఫిబ్రవరిలో 270 పాంథర్లు తయారయ్యాయని తేల్చారు. రికార్డుల్లో ఉన్నది 276.

నెలకు 270 తయారయ్యే ట్యాంకు అరుదైనది కాజాలదు. అయినా అమెరికన్ సైన్యం పాంథర్‌ను టైగర్ కోవలో చేర్చి, అది ప్రత్యేక భారీ బెటాలియన్లలో మాత్రమే ఎదురవుతుందని భావించింది. వాస్తవానికి జర్మనీ అప్పటికే తన పాంజర్ డివిజన్లలోని రెండేసి ట్యాంకు బెటాలియన్లలో ఒకదానికి పాంథర్లు సమకూరుస్తోంది. శత్రు ట్యాంకుల పని ట్యాంకు విధ్వంసక దళాలదనీ, సముద్రం దాటించవలసిన ట్యాంకు తేలికగా, నమ్మకంగా ఉండాలనీ అమెరికన్ భూతల దళాల అధిపతి జనరల్ లెస్లీ మెక్‌నేర్ వర్గం వాదించింది.

యుద్ధరంగ నివేదికల తీరు కూడా ఆ వాదనకే కలిసివచ్చింది. పక్క రేకులు తగిలించిన నాలుగో రకం పాంజర్‌ను (జర్మన్ల మధ్యరకం ట్యాంకును) చూసి టైగర్ అనడం, కనిపించిన ప్రతి స్వయంచాలిత ఫిరంగినీ ఫెర్డినాండ్ అనే భారీ ట్యాంకు విధ్వంసకం అనడం ఎంతగా అలవాటైందంటే, సుమారు 90 మాత్రమే తయారైన ఆ ఫెర్డినాండ్ ప్రతి రంగంలోనూ ఉన్నట్లు తోచేది. ఇన్ని అతిశయోక్తుల నడుమ నిజమైన హెచ్చరికను కొట్టిపారేయడం సులువే, కానీ చక్రాల లెక్క భయపడిన సైనికుడి మాట కాదు కదా!

బ్రిటిష్ వారు టైగర్‌ను దృష్టిలో పెట్టుకుని కొన్ని షెర్మన్‌లకు మరింత శక్తిమంతమైన 17 పౌండర్ ఫిరంగి బిగించి దాడి నాటికే సిద్ధం చేశారు. అమెరికన్ల 76 మి.మీ. షెర్మన్‌లు ఆ వసంతంలోనే ఇంగ్లండ్ చేరినా, నార్మండీలో జర్మన్ వ్యూహాన్ని ఛేదించేందుకు జూలై చివర జరిపిన కోబ్రా దాడి వరకు వాటిని రంగంలోకి దించలేదు. పట్టుబడిన పాంథర్ల మీద ఆ వేసవిలో నార్మండీలోని ఇసిన్యీ వద్ద కాల్చి చూసినప్పుడు, వాలుగా అమర్చిన 80 మి.మీ. ముందు కవచం 76 మి.మీ. గుండుకు కూడా లొంగలేదు. 90 మి.మీ. ఫిరంగి ఉన్న అమెరికన్ పెర్షింగ్ ట్యాంకులు 1945 ఫిబ్రవరిలో గానీ పోరులోకి దిగలేదు. మొదటి విడతలో వచ్చినవి 20.