హార్మోనికా మీద సాక్సఫోన్ ట్యూన్లు: అపోహలు - వాస్తవాలు

జాజ్, బ్లూస్ బ్యాండుల్లో ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సఫోన్ వాయించేవాళ్లందరినీ కలిపి హార్న్ సెక్షన్ అంటారు. వాళ్ల చేతుల్లో పుట్టిన ట్యూన్లని అరచేతిలో ఇమిడిపోయే హార్మోనికా (మౌత్ ఆర్గాన్) మీద పలికించడమంటే నాకు పదిహేనేళ్లుగా ప్రాణం. కొన్నేళ్లుగా నేర్పిస్తున్నాను కూడా. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల మనసులో ఉండే అపోహలు దాదాపు ఇవే.

అపోహ: ఇంట్లో ఉన్న మౌత్ ఆర్గాన్ సరిపోతుంది.

మన షాపుల్లో ఎక్కువగా దొరికేది ట్రెమొలో రకం. అందులో ప్రతి స్వరానికీ రెండు రీడ్లు, అంటే గాలికి కంపించే పల్చటి లోహపు రేకులు, ఉంటాయి. వాటి శ్రుతిలో కావాలనే చిన్న తేడా పెడతారు, అందుకే ఆ శబ్దం అలలు అలలుగా వస్తుంది. పాత సినిమా పాటలకి ఎంత హాయిగా ఉంటుందో! కానీ బ్లూస్‌కి ప్రాణం బెండ్, అంటే స్వరాన్ని కిందికి వంచడం. దానికి ఒకే గదిలో ఊదే రీడూ పీల్చే రీడూ రెండూ ఉండాలి. ట్రెమొలోలో ఏ రీడ్ గది దానిదే. ఒక కుర్రాడు మూడు నెలలు ట్రెమొలో మీద బెండ్ కోసం కుస్తీ పట్టి, తనకి సంగీతం రాదని తేల్చేసుకుని నా దగ్గరికి వచ్చాడు. పది హోల్స్, 20 రీడ్లు ఉండే డయాటోనిక్ చేతికిస్తే రెండో వారంలో నాలుగో హోల్ వంగింది. ఆ రోజు అతని మొహం నాకింకా గుర్తుంది.

అపోహ: పది హోల్స్‌లో అన్ని స్వరాలూ లేవు. జాజ్ కావాలంటే క్రొమాటిక్ కొనాల్సిందే.

క్రొమాటిక్ గొప్ప వాద్యమే. పక్కనున్న బటన్ నొక్కితే అర స్వరం పెరుగుతుంది కాబట్టి అన్ని స్వరాలూ ఉంటాయి. 1922లో బ్రసెల్స్‌లో పుట్టిన టూట్స్ థీలెమాన్స్ దాన్ని జాజ్‌లో సాక్సఫోన్ పక్కన కూర్చోబెట్టాడు. అయినా డయాటోనిక్‌లో లేవనుకునే స్వరాలు నిజానికి ఎక్కడున్నాయో ఒకసారి చూద్దాం.

సి కీ (సి ఆధార స్వరంగా ఉన్న) హార్ప్ తీసుకుని సి లో కాకుండా జి లో వాయిస్తాం. హార్ప్ అంటే మా భాషలో హార్మోనికాయే. దీన్నే సెకండ్ పొజిషన్ అంటారు. ఊదితే బ్లో, పీలిస్తే డ్రా, ముందున్న అంకె హోల్ నంబరు. ఫ్లాట్ అంటే అర స్వరం తక్కువ. జి బ్లూస్ స్కేల్ ఇలా వస్తుంది: 2 డ్రా జి, 3 డ్రా అర స్వరం వంచితే బి ఫ్లాట్, 4 బ్లో సి, 4 డ్రా వంచితే డి ఫ్లాట్, వంచకపోతే డి, 5 డ్రా ఎఫ్, 6 బ్లో మళ్లీ జి. జి నుంచి పై జి దాకా ఆక్టేవ్ (ఒక స్థాయి) మొత్తం వచ్చేసింది! మూడో హోల్ ఇంకా లోతైనది. డ్రా స్వరం బి నుంచి బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్ దాకా మూడు మెట్లు దిగుతుంది. నేను అన్నిటికంటే ఎక్కువ కాలం సాధన చేసింది ఈ ఒక్క హోల్ మీదే. మధ్య మెట్టు ఎ మీద శ్రుతి తప్పకుండా నిలబడగలిగితే చాలా హార్న్ ట్యూన్లు చేతికొచ్చినట్టే.

ఇబ్బంది పై ఆక్టేవ్‌లో మొదలవుతుంది. అక్కడ బి ఫ్లాట్ మామూలుగా దొరకదు. ఆరో హోల్‌లో ఊదుతూ బ్లో రీడ్‌ని ఆపేసి, డ్రా రీడ్‌ని దాని సొంత స్వరం కంటే అర స్వరం పైన పలికించాలి. దీని పేరు ఓవర్‌బ్లో. ఈ పద్ధతితో పది హోల్స్ మీద పూర్తి జాజ్ వాయించొచ్చని 1970 ప్రాంతం నుంచి చూపించినవాడు హోవర్డ్ లెవీ. అయితే ఓవర్‌బ్లో రాలేదని ఎవరూ ఆగక్కర్లేదు. ట్యూన్‌ని కింది ఆక్టేవ్‌కి దించి వాయించండి. టెనర్ సాక్స్ బరువు అక్కడే బాగా వినిపిస్తుంది కూడా.

అపోహ: బెండ్ రావాలంటే గట్టిగా పీల్చాలి.

గట్టిగా పీలిస్తే రీడ్ పాడవుతుంది తప్ప స్వరం వంగదు. వంచేది నాలుక. నోట్లో "ఈ" ఆకారం నుంచి "ఊ" ఆకారానికి వెళ్తే నాలుక వెనక్కి జరిగి, నోటి లోపలి గది పెద్దదవుతుంది. దాంతో స్వరం దిగుతుంది.

అపోహ: ఆ హార్న్ శబ్దమంతా మైక్, ఆంప్లిఫయర్ మహిమ.

బ్లూస్ హార్మోనికా వాద్యకారుడు లిటిల్ వాల్టర్ పేరు చెప్పి ఈ మాట అంటారు. 1952 మే 12న చికాగోలో ఆయన రికార్డ్ చేసిన 'జూక్' అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. మైక్‌ని హార్ప్‌తో కలిపి రెండు చేతుల్లో మూసిపట్టి ఆంప్లిఫయర్‌ని గర్జింపజేసిన మాట నిజమే. కానీ ఆయన లూయిస్ జోర్డన్ లాంటి వాళ్ల సాక్సఫోన్ విని, ఆ వరసలని హార్ప్ మీదకి తెచ్చుకున్నాడు. మైక్ తీసేసినా ఆ వాక్యాలు, అంటే ఒక ఊపిరిలో పలికే స్వరాల వరసలు, హార్న్ వాక్యాలే. మంచి మైక్ కోసం డబ్బు దాచుకునేవాళ్లకి నేను చెప్పేది, ముందు ఆరు నెలలు సాక్సఫోన్ వినండి అని.

ఇక్కడ మన భాషకి సంబంధించిన సంగతొకటి ఉంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలకడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మనవాళ్లు హార్ప్ మీద ప్రతి స్వరాన్నీ "తా... తా..." అని సాగదీసి వదిలేస్తుంటారు. జాజ్ హార్న్ వాద్యకారుడు వాక్యం చివరి స్వరాన్ని చాలాసార్లు పొల్లుతో కోసేస్తాడు: "దూ-దాత్". ఆ "త్" దగ్గర నాలుక గాలిని టక్కున ఆపాలి. ముందు నోటితో అనండి, తర్వాత హార్ప్ మీద అనండి. క్లాసులో అన్నిటికంటే త్వరగా తేడా కనిపించేది ఈ ఒక్క దిద్దుబాటుతోనే.

అపోహ: హార్న్ వాళ్ల కీలోనే వాయించాలి, కాబట్టి సి హార్ప్ దండగ.

ఒంటరి సాధనకి సి చాలు. బ్యాండ్‌తో అయితే హార్న్ ట్యూన్లు ఎక్కువగా బి ఫ్లాట్, ఎఫ్, ఇ ఫ్లాట్ లలో ఉంటాయి. సెకండ్ పొజిషన్‌లో వాటికి వరసగా ఇ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్ హార్ప్‌లు కావాలి. ముందు బి ఫ్లాట్ హార్ప్ కొనుక్కోండి.

అపోహ: హార్న్ స్టైల్ అంటే వేగం.

ఈ అపోహ చేసే నష్టం మరేదీ చేయదు. సాక్సఫోన్ ఊదేవాడికి ఊపిరి అయిపోతుంది, ఆగి పీల్చుకోక తప్పదు. ఆ ఆగడంలోంచే వాక్యాలు పుట్టాయి. హార్మోనికాకి ఆ అవసరం లేదు. ఊదినా పీల్చినా మోగుతుంది కాబట్టి ఎక్కడా ఆగకుండా వాయించుకుంటూ పోతాం. వినేవాళ్లకి ఊపిరాడదు. పైగా సెకండ్ పొజిషన్‌లో ఎక్కువ స్వరాలు పీల్చేవే. అందుకే మన కష్టం గాలి అయిపోవడం కాదు, ఛాతీ నిండిపోవడం.

జాజ్ బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 'సి జామ్ బ్లూస్' దీనికి నేనిచ్చే మొదటి పాఠం. ఆ ట్యూన్‌లో ఉన్నవి రెండే స్వరాలు. పన్నెండు బార్లలో (తాళపు ఆవర్తనాల్లో) ఒకే వాక్యం మూడుసార్లు వస్తుంది. సి హార్ప్ మీద జి లోకి మార్చుకుంటే ఆ రెండూ 1 డ్రా, 2 డ్రా. బెండ్ ఒక్కటీ లేదు, ఊదడం అసలే లేదు. వాక్యం అవగానే నోరు కదపకుండా ముక్కుతో గాలి వదిలేయండి. వదలడం మర్చిపోతే మూడో వాక్యం దగ్గర ఛాతీ బిగుసుకుపోతుంది. ఒక వారం ఇదే వాయించి రికార్డ్ చేసుకోండి. వినేటప్పుడు స్వరాలని వదిలేసి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కాలితో తాళం వేసి లెక్కపెట్టండి.