చనిపోయే పిల్లల కోసం కట్టిన ఇల్లు: నైరోబీ న్యుంబాని వెనుక కథ

ఆఫ్రికాలో అనాథ పిల్లల కోసం ఆశ్రమాలు పెట్టిన మిషనరీల తరం వయసు మీదపడి, ఒక్కొక్కరుగా మంచం పడుతోంది. కాస్త ఓపిక ఉండగానే శాలువా కప్పాలని శిష్యులు తొందరపడటం సహజమే. కెన్యాలో మాత్రం ఈ సన్మానాలకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను అక్కడి ప్రభుత్వం 2017లోనే ఆపేసింది. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్ని పదేళ్లలో కుటుంబాల దగ్గరకు చేర్చాలని 2022లో జాతీయ వ్యూహం ప్రకటించింది. ఆశ్రమాలే వద్దనుకుంటున్నప్పుడు వాటిని పెట్టినవాళ్లను ఏమని పొగుడుతాం? నైరోబీ శివారు కేరెన్‌లోని న్యుంబాని పిల్లల ఇంటి చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

దాన్ని పెట్టినాయన ఫాదర్ ఆంజెలో డి అగోస్టినో. అందరికీ ఫాదర్ డ్యాగ్. 1926లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పుట్టారు. మొదట సర్జన్, తర్వాత జెసూట్ అనే క్యాథలిక్ సంఘంలో సన్యాసి, ఆపైన సైకియాట్రిస్టు. వాషింగ్టన్‌లో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండాల్సిన మనిషి, శరణార్థుల సేవ పేరుతో థాయిలాండ్, అక్కడి నుంచి 1980లలో తూర్పు ఆఫ్రికా చేరారు. నైరోబీలో ఒక అనాథాశ్రమం పాలకమండలిలో ఉన్నప్పుడు ఒక సంగతి ఆయన కంటపడింది. హెచ్‌ఐవీ ఉందని తేలిన పసిపిల్లల్ని ఆస్పత్రుల్లో వదిలేసి పోతున్నారు. వాళ్లను తీసుకోవడానికి ఏ ఆశ్రమమూ ముందుకు రావడం లేదు. వాళ్లకోసం విడిగా ఒక చోటు ఉండాలన్నారాయన. 1992 సెప్టెంబరులో ముగ్గురు పిల్లలతో న్యుంబాని మొదలైంది. స్వాహిలీలో ఆ మాటకు ‘ఇంట్లో’ అని అర్థం. ఐర్లండ్‌కు చెందిన లొరెటో సన్యాసిని సిస్టర్ మేరీ ఓవెన్స్ మొదటి నుంచీ తోడున్నారు.

అప్పట్లో అది బతికించే చోటు కాదు. మందులు లేవు కాబట్టి నొప్పి తెలియకుండా, ఒకరి ఒడిలో కన్నుమూసేలా చూడటమే అక్కడి పని. అయినా డాక్టరు కళ్లతో చూసిన మనిషి కాబట్టి ఆయన ఒక విషయం వదల్లేదు. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన ప్రతి బిడ్డ ఒంట్లోనూ తల్లి యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఆమె ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాలు, ఉంటాయి. మామూలు రక్తపరీక్ష ఆ యాంటీబాడీలనే చూసి పాజిటివ్ అంటుంది. ఏడాదిన్నర వయసొచ్చేసరికి అవి పోతాయి. చికిత్స ఏమీ లేకపోయినా తల్లి నుంచి వైరస్ సోకేది నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకే. అంటే ‘పాజిటివ్’ అన్న ఒక్క చీటీ చూసి వదిలేసిన పసికందుల్లో సగానికి పైగా అసలు జబ్బే లేదు! ఏడాదిన్నర సాకి, మళ్లీ పరీక్ష చేసి, నెగెటివ్ వచ్చినవాళ్లను దత్తత ఇవ్వడమో మామూలు ఇళ్లకు పంపడమో చేసేవారు. న్యుంబాని చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. కావలసింది కాస్త ఓపిక, ఒక ల్యాబు. తర్వాత ఆ ల్యాబు కూడా సొంతంగా పెట్టుకున్నారు.

నిజంగా వైరస్ సోకిన మిగిలినవాళ్ల సంగతి మందుల ధర దగ్గర ఆగిపోయింది. 2000 నాటికి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మూడు మందుల చికిత్సకు మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైనే. కెన్యా అధ్యక్షుడు మోయ్ ఎయిడ్స్‌ను జాతీయ విపత్తుగా ప్రకటించింది అంతకు ముందు సంవత్సరమే. విపత్తు అన్నారు గానీ మందు ఎక్కడిది? మన దేశంలో 1970 పేటెంట్ చట్టం మందు తయారుచేసే పద్ధతికే గానీ మందుకు పేటెంట్ ఇవ్వలేదు. దాంతో ఇక్కడి కంపెనీలు అవే మందుల్ని చవగ్గా చేయగలిగాయి. 2001 ఫిబ్రవరిలో ముంబయి మందుల కంపెనీ సిప్లా ఆ మూడు మందుల్ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ‘హద్దులు లేని డాక్టర్లు’ సంస్థకు చెప్పి ప్రపంచాన్ని కుదిపేసింది. కెన్యా చట్టం ఇంకా ఒప్పుకోకముందే, సిప్లా మందులు తెప్పించి తీరతానని ఫాదర్ డ్యాగ్ ప్రకటించారు. చట్టం మీరతానని ఒక పాదిరి బహిరంగంగా చెప్పడం చిన్న విషయం కాదు. అదే ఏడాది జూన్‌లో కెన్యా పార్లమెంటు జనరిక్ మందుల దిగుమతికి దారిచ్చే చట్టం చేసింది. అది ఆయన ఒక్కడి వల్ల జరిగిందని అనలేం, చాలా సంఘాలు పోరాడాయి. కానీ మందు అందాల్సిన పిల్లల్ని చేతిలో పెట్టుకుని మాట్లాడినవాడు ఆయన. 2004లో వాటికన్ విలేకరుల సమావేశంలో కూర్చుని మరీ మందుల కంపెనీలను కడిగేశారు.

తెలుగువాళ్లకు ఇందులో ఒక వాటా ఉంది. సిప్లా తెరిచిన ఆ దారిలో తర్వాత హెటెరో, అరబిందో, లారస్ లాంటి హైదరాబాద్ కంపెనీలు పెద్ద ఎత్తున నడిచాయి. ఆఫ్రికా వాడే హెచ్‌ఐవీ మందుల్లో చాలా భాగం నక్కపల్లి, పరవాడ, జీడిమెట్ల లాంటి చోట్ల పనిచేసేవాళ్లకు తెలిసిన సరుకే. 2023 నాటికి ఏడాది చికిత్స ధర 45 డాలర్ల లోపుకు దిగింది.

మందులు పడ్డాక పిల్లలు చనిపోవడం తగ్గింది. బడి ఈడుకొచ్చారు. ఎవరూ ఊహించని తలనొప్పి ఇక్కడే మొదలైంది. కెన్యాలో 2003 జనవరి నుంచి ప్రాథమిక విద్య ఉచితం. అయినా నైరోబీ ప్రభుత్వ బడులు న్యుంబాని పిల్లల్ని చేర్చుకోలేదు. న్యుంబాని కోర్టుకెక్కింది. 2004 జనవరిలో రాజీ కుదిరి పిల్లలు బడిలో కూర్చున్నారు. చావడానికి తెచ్చిన పిల్లలకు సీటు కోసం కేసు వేయాల్సి వచ్చిందంటే ఆ పదేళ్లలో ఎంత మారిందో చూడండి.

ఆశ్రమం గోడల బయటికి ఆయన అప్పటికే అడుగుపెట్టారు. 1998లో ‘లియా టోటో’ మొదలైంది, అంటే బిడ్డను పెంచు అని. నైరోబీ మురికివాడల్లో పిల్లల్ని వాళ్ల ఇళ్లలోనే ఉంచి, మందు, తిండి, కౌన్సెలింగ్ అక్కడికే అందించే పథకం. చివరి కల కెన్యాలోని కిటుయి ప్రాంతంలో వెయ్యి ఎకరాల్లో ఒక ఊరు. ఎయిడ్స్ నడివయసు వాళ్లను ఊడ్చేసి ముసలివాళ్లనూ పసివాళ్లనూ మిగిల్చింది కదా. ఆ ఇద్దర్నీ కలిపితే? ఇంటికొక అవ్వ లేదా తాత, పది మంది దాకా పిల్లలు. వాళ్లలో కొందరు సొంత మనవలు, కొందరు కారు. సొంత పొలం, సొంత బడి, అమ్ముకోవడానికి పెంచే చెట్లు. 2006లో అక్కడ కాపురాలు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు 20న, 80 ఏళ్ల వయసులో, ఆయన నైరోబీలో కన్నుమూశారు. భారం సిస్టర్ మేరీ ఓవెన్స్ తీసుకున్నారు.

కాబట్టి పిల్లలు కుటుంబంలో పెరగాలని ప్రభుత్వం ఇప్పుడంటున్న మాటను న్యుంబాని పాతికేళ్ల కిందటే ఆచరణలో పెట్టింది. అయితే అవ్వ దగ్గరకు బిడ్డను పంపేస్తే సరిపోదు, మందు ఆ గుమ్మం దాకా రావాలి. ఆ ఖర్చులో పెద్ద వాటా అమెరికా ప్రభుత్వ సాయంగా వచ్చేది. 2025 జనవరిలో ఆ సాయం ఒక్కసారిగా నిలిపేయడంతో కెన్యా క్లినిక్‌లన్నిటితో పాటు న్యుంబానిలోనూ టెన్షన్ మొదలైంది. మందు ధర తగ్గింది నిజమే. దాన్ని మురికివాడ దాకా మోసే నర్సు జీతం, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష ఖర్చు ఇకముందు ఎవరు పెట్టుకుంటారన్నది కెన్యా బడ్జెట్ తేల్చాలి.